బ్యాండు మేళం తిరిగి రావాలంటున్న పాఠకులకు

సంపాదకులకు నమస్కారాలు.

పెళ్ళి ఊరేగింపుల్లో డీజేల మోతకు ఇళ్ళ తలుపులు అదురుతున్నాయని, గుండె జబ్బున్న పెద్దవాళ్ళు చెవుల్లో దూది పెట్టుకొని తెల్లవార్లూ కూర్చోవలసి వస్తోందని కొన్ని వారాలుగా మీ పత్రికలో పాఠకులు రాస్తున్న ఉత్తరాలు చదువుతున్నాను. దీనికన్నా మన పాత బ్యాండు మేళమే మేలని, అది మళ్ళీ రావాలని వారిలో కొందరు కోరారు. నేను యాభై ఏళ్ళుగా దేవరకొండలో క్లారినెట్ వాయిస్తున్నవాడిని. ఆ మాటలు చదివి నా కళ్ళు చెమర్చాయి. ఆ ఉత్తరాలను కత్తిరించి క్లారినెట్ పెట్టెలో, రీడ్ల డబ్బా కింద దాచుకున్నాను.

అయితే ఆ పాఠకులను ఒక మాట అడగాలని ఉంది. మేళం ఏ పద్ధతిలో తిరిగి రావాలి? ఇదివరకటి పద్ధతిలోనే అయితే వద్దనేవాళ్ళలో నేనే మొదటివాణ్ణి. ఎందుకో చెప్పాలంటే, నూరేళ్ళ కిందట అమెరికాలో కన్నుమూసిన ఒక బ్యాండు మాస్టరు గురించి చెప్పాలి. ఆయన పేరు జేమ్స్ రీస్ యూరప్. యూరప్ అన్నది ఆయన ఇంటిపేరు. మనిషి నల్లజాతి అమెరికన్. తోటివాళ్ళు జిమ్ యూరప్ అని పిలిచేవారు.

ఆయన సంగతి నాకు తెలిసింది మా మనవరాలి వల్ల. హైదరాబాదులో డిగ్రీ చదువుతోంది. బతుకమ్మ సెలవులకు వచ్చినప్పుడు, "తాతా, ఇది విను" అని ఫోను నా చెవి దగ్గర పెట్టింది. 1919లో చేసిన రికార్డట. అప్పటికి మైకులు లేవు. పెద్ద గరాటు లాంటి కొమ్ము ముందు అందరూ గుమిగూడి వాయిస్తే ఆ శబ్దమే సూదిని కదిలించి రికార్డు మీద గీత గీసేది. అందుకే పాట అంతా ఏదో ఇనుప డబ్బాలోంచి వస్తున్నట్టుంది. కానీ క్లారినెట్ వాయించేవాడికి క్లారినెట్ దాగదు కదా. వెనక డ్రమ్ము ఉరుముతుంటే, ట్రోంబోన్లు జారుతూ పైకి పోతుంటే, వాటి మధ్య నుంచి క్లారినెట్లు సన్నగా లేచి నవ్వుతున్నాయి. రెండోసారి వినేసరికి నా వేళ్ళు మోకాలి మీద ఆడటం మొదలుపెట్టాయి. వారం రోజుల పాటు రాత్రి భోజనాలయ్యాక ఆ పిల్ల ఇంగ్లిషులో చదివి నాకు తెలుగులో చెప్పింది. ముఖ్యమైనవి నోటుబుక్కులో రాసుకున్నాను.

జిమ్ యూరప్ 1880 ఫిబ్రవరి 22న అలబామా రాష్ట్రంలోని మొబైల్ పట్టణంలో పుట్టాడు. బానిసత్వం రద్దయి అప్పటికి పదిహేనేళ్ళే. ఆయనకు పదేళ్ళ వయసు వచ్చేసరికి కుటుంబం వాషింగ్టన్‌కు మారింది. తల్లి పియానో వాయించేది, చెల్లెలు మేరీ కూడా. ఆయన వయొలిన్ నేర్చుకున్నది అమెరికా నావికాదళపు మెరైన్ బ్యాండులో సహాయ నిర్వాహకుడి దగ్గర. ఇక్కడ మా ఉస్తాదు గుర్తుకు వచ్చాడు. ఆయన నిజాం కాలంలో ఫౌజు బ్యాండులో వాయించి, ఆ తరువాత కడుపు పట్టుకొని పల్లెలకు వచ్చి మాకు చదువు చెప్పినవాడు. స్వరం తప్పితే వేళ్ళ మీద కొట్టేవాడు, పాట బాగా వస్తే తన గిన్నెలోని అన్నం పెట్టేవాడు. ఫౌజు బ్యాండు క్రమశిక్షణ రుచి చూసినవాళ్ళకు అది ఎముకల్లో ఉండిపోతుంది.

ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ళ వయసులో న్యూయార్క్ చేరితే అక్కడ నల్లవాడి వయొలిన్‌కు పని దొరకలేదు. మాండొలిన్ చేతబట్టాడు, పియానో వాయించాడు, నాటక బృందాలకు సంగీతం నడిపాడు. అలా తిరుగుతూ ఆయన చూసిన విషయమే నేను ఈ ఉత్తరం రాయడానికి కారణం. ఆ రోజుల్లో హోటళ్ళలో, ధనికుల ఇళ్ళలో నల్లజాతి వాద్యకారులను వాద్యకారులుగా పిలిచేవారు కాదు. బల్లలు తుడవడానికో, సామాన్లు మోయడానికో పెట్టుకునేవారు. ఆ పని చేసుకుంటూ మధ్యలో వాయించాలి. వాయించినందుకు జీతం లేదు. విన్నవాళ్ళు విసిరిన చిల్లరే జీతం.

ఇది విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కారణం చెబుతాను.

కొన్నేళ్ళ కిందట వైశాఖంలో సాగర్ రోడ్డు మీద ఒక ఫంక్షన్ హాలులో పెళ్ళి. సాయంత్రం నాలుగింటికి రమ్మన్నారు. పదకొండు మందిమి ఎర్ర కోట్లు వేసుకొని వెళ్ళి జనరేటరు పక్కన నిలబడ్డాం. కూర్చోమన్నవాళ్ళు లేరు. ఏడింటికి ఎదుర్కోళ్ళు వాయించాం. ఊరేగింపు ఇప్పుడే, ఇంకాసేపట్లో అంటూ పదకొండు చేశారు. మా యుఫోనియం అనే పెద్ద ఇత్తడి కొమ్ము వాయించే పెద్దాయనకు చక్కెర వ్యాధి. అన్నం అడిగితే, బంధువుల బంతులు అయిపోనివ్వండి అన్నారు. బంతులు అయ్యాక వెళ్తే గంగాళాల అడుగున మాడు మిగిలింది. ఊరేగింపులో ఎవరో కుర్రవాడు వంద రూపాయల నోటు నేల మీద పెట్టి, వాయించడం ఆపకుండా వెనక్కి వంగి నోటితో తీయాలని మా సైడ్ డ్రమ్ము పిల్లవాణ్ణి పట్టుబట్టాడు. అందరూ ఈలలు. ఆ పిల్లవాడు తీశాడు. తీయక ఏం చేస్తాడు, ఇంట్లో పసిబిడ్డకు పాల డబ్బా కావాలి. రాత్రి రెండింటికి యుఫోనియం పెద్దాయన రోడ్డు పక్కన కూలబడ్డాడు. మర్నాడు డబ్బుకు వెళ్తే, డీజే కూడా పెట్టాం కదా అని మాట్లాడుకున్నదాంట్లో సగమే చేతిలో పెట్టారు. ఆ పెళ్ళివారి మీద నాకు కక్ష లేదు. వాళ్ళు ప్రత్యేకించి చెడ్డవాళ్ళూ కారు. అందరూ అలాగే చేస్తారు, వాళ్ళూ చేశారు.

జిమ్ యూరప్ ఏం చేశాడో చూడండి. 1910లో న్యూయార్క్‌లో క్లెఫ్ క్లబ్ అనే సంఘం పెట్టాడు. పేరుకు క్లబ్బు, పనికి కార్మిక సంఘం. 53వ వీధిలో దానికొక ఇల్లు. విందుకో నాట్యానికో వాద్యకారులు కావలసినవాళ్ళు ఆ ఇంటికి కబురు చేయాలి. ఇద్దరు కావాలంటే ఇద్దరు, ముప్ఫై మంది కావాలంటే ముప్ఫై మంది, చక్కటి దుస్తుల్లో వేళకు వచ్చేవారు. కానీ వాయించడానికి మాత్రమే వచ్చేవారు, బల్లలు తుడవడానికి కాదు. చిల్లర కాదు, ముందే ఒప్పుకున్న జీతం. దూరమైతే రాకపోకల ఖర్చు, బస, భోజనం పిలిచినవాళ్ళవే. ఈ మాటలు మనవరాలు చదువుతుంటే నేను మూడుసార్లు మళ్ళీ చదవమన్నాను. భోజనం కూడా ఒప్పందంలో రాయించాడన్నమాట. ఆకలి తెలిసినవాడు కాకపోతే ఆ మాట రాయించడు.

ఆ సంఘం వాద్యకారులతోనే 1912 మే 2న కార్నెగీ హాలులో కచేరీ చేశాడు. ఆ హాలు అక్కడివాళ్ళకు సంగీతపు గర్భగుడి వంటిది. అందులో సుమారు 125 మంది నల్లజాతి వాద్యకారులు మాండొలిన్లు, బాంజోలు, వయొలిన్లు, వరుసగా పేర్చిన పియానోలతో, తమ జాతివాళ్ళు కట్టిన సంగీతాన్నే వాయించారు. న్యూయార్క్‌లోని హార్లెం పేటలో నల్లజాతి పిల్లలకు సంగీతం నేర్పే బడి కోసం చేసిన కచేరీ అది. తెల్లవాళ్ళూ నల్లవాళ్ళూ ఒకే హాలులో కూర్చొని విన్నారు. అంత మందిలో చాలామందికి కాగితం మీది స్వరాలు చదవడం రాదు. దానికి ఆయన బెదిరిపోకుండా, చదవగలిగినవాళ్ళు వాయిస్తుంటే మిగిలినవాళ్ళు విని పట్టుకునేలా సాధన చేయించాడు.

చదవడం గురించి ఇంకొకటి. అదే కాలపు పియానో వాద్యకారుడు యూబీ బ్లేక్ తరువాత చెప్పుకున్న సంగతి ఇది. నల్లవాళ్ళకు స్వరలిపి రాదు, పుట్టుకతోనే పాట వస్తుందని శ్రీమంతులు నమ్మేవారట. అందుకని ఆ వాద్యకారులు కొత్త పాటలను లిపిలో చదివి కంఠస్థం చేసి, సభలో కాగితం లేకుండా వాయించేవారట. చదువు వచ్చినవాడు రానట్టు ఉండటం! మా ఉస్తాదు సంకేతాలతో, గుర్తులతో నింపిన మూడు పుస్తకాలు ఇప్పటికీ నా దగ్గర ఉన్నాయి. వాటిని చూసి ఒక పెద్దమనిషి, "మీ మేళాల వాళ్ళకు కూడా రాత ఉంటుందా" అని ఆశ్చర్యపోయాడు. ఉంటుంది. మైలపోలుకు ఒకటి, ఎదుర్కోళ్ళకు ఒకటి, తలంబ్రాలకు ఒకటి, అప్పగింతలకు ఒకటి. అప్పగింతల పాటలో నేను ఒక్క స్వరం దగ్గర ఊపిరి నిలిపితే ఇటు తల్లీ అటు కూతురూ ఏడుపు ఆపుకోలేకపోయేవారు. అది విద్య కాదంటే ఎలా?

తరువాత ఆయన నాట్యాల బ్యాండు నాయకుడిగా పెద్ద పేరు తెచ్చుకున్నాడు. వెర్నన్, ఐరీన్ కాసిల్ అనే భార్యాభర్తలు ఆ రోజుల్లో జంట నాట్యాలకు పేరు పడ్డ తెల్లవాళ్ళు. తమ నాట్యానికి యూరప్ బ్యాండే ఉండాలని పట్టుబట్టేవారు. 1914లో ఆ బ్యాండుతోనే ఊరూరా తిరిగారు. ఫోర్డ్ డాబ్నీ అనే సహచరుడితో కలిసి యూరప్ వాళ్ళ కోసం ఎన్నో పాటలు కట్టాడు. ఆ పాటల్లో కొన్నిటినీ, వేరేవి మరికొన్నిటినీ 1913 డిసెంబరులో, 1914 ఫిబ్రవరిలో విక్టర్ కంపెనీ రికార్డు చేసింది. ఒక పెద్ద రికార్డుల కంపెనీ నల్లజాతి బ్యాండుతో ఒప్పందం చేసుకోవడం అప్పటికి కొత్త. కాసిల్ హౌస్ రాగ్ అనే ఆయన సొంత రచనను మనవరాలు వినిపించింది. చివర్లో బడీ గిల్మోర్ డ్రమ్ముల మీద విరుచుకుపడతాడు. మా సైడ్ డ్రమ్ము పిల్లవాణ్ణి పిలిచి వినిపించాను. వాడు ఏమీ మాట్లాడకుండా కర్రలు తీసుకొని అరుగు మీద అదే వరుస వాయించి చూపించాడు. అడుగులు నెమ్మదించే ఫాక్స్‌ట్రాట్ నాట్యానికి సలహా ఇచ్చింది జిమ్ యూరపేనని ఐరీన్ చెప్పింది.

1916లో ఆయన న్యూయార్క్‌లోని నల్లజాతి సైనిక దళంలో చేరాడు. అదే తరువాత 369వ పదాతి దళం అయింది. దళపతి హేవర్డ్ దేశంలోకెల్లా మంచి బ్యాండు కట్టమన్నాడు. క్లారినెట్, శాక్సఫోన్ వాయించేవాళ్ళు చాలకపోతే జిమ్ యూరప్ ఓడెక్కి పోర్టో రికో ద్వీపానికి వెళ్ళి ఏరి తెచ్చుకున్నాడు. క్లారినెట్ కోసం సముద్రం దాటిన మాస్టరు! అలాంటి మాస్టరు ఒక్కడు పిలిస్తే నేను దేవరకొండ గుట్ట మీది నుంచి దూకి వెళ్ళేవాణ్ణి.

మొదటి ప్రపంచ యుద్ధానికి బయలుదేరి 1918 జనవరి 1న ఫ్రాన్సులోని బ్రెస్ట్ రేవులో దిగగానే ఆ దేశపు జాతీయ గీతం వాయించారు. తమ గీతాన్నే కొత్త నడకలో విన్న ఫ్రెంచివాళ్ళు కొన్ని క్షణాల పాటు పోల్చుకోలేక, తరువాత ఒక్కసారిగా నిటారుగా నిలబడి వందనం చేశారట. అమెరికా సైన్యం ఈ దళాన్ని తన తెల్ల సైనికుల పక్కన నిలపడానికి ఇష్టపడక ఫ్రెంచి సైన్యానికి అప్పగించింది. 191 రోజులు యుద్ధరంగంలో ఉన్న దళం అది. యూరప్ అందులో బ్యాండు మాస్టరే కాదు, మెషిన్‌గన్ల దళంలో అధికారి కూడా. జూన్‌లో విషవాయువు పీల్చి ఆస్పత్రి పాలయ్యాడు. ఆ మంచం మీదే యుద్ధరంగపు గస్తీ మీద ఒక పాట కట్టాడు.

విషవాయువు అన్న దగ్గర నేను చదవడం ఆపమన్నాను. ఊపిరితో బతికేవాళ్ళం మేము. మునుగోడు, మర్రిగూడ వైపు నుంచి మా మేళానికి వచ్చిన ఇద్దరి సంగతి గుర్తుకు వచ్చింది. ఆ ఊళ్ళ నీళ్ళలోని ఫ్లోరైడ్ మొదట పళ్ళను గార పట్టించింది, తరువాత కీళ్ళను బిగించింది. క్లారినెట్‌కు పై పళ్ళే ఆధారం. నలభై ఏళ్ళకే ఒకడి పళ్ళు కదిలిపోయాయి. మరొకడి మెడ తిరగక ట్రంపెట్ ఎత్తలేకపోయాడు. ఒకరు బత్తాయి తోటలో కాపలాకు చేరారు, మరొకరు ఇప్పుడు లేరు.

జిమ్ యూరప్ కోలుకొని బ్యాండును పారిస్ తీసుకువెళ్ళాడు. అక్కడ ఆయనే చెప్పిన సంగతి ఒకటి ఉంది. ఫ్రాన్సు ప్రభుత్వపు పేరున్న బ్యాండు ఒకటి వీళ్ళ పాట కాగితాలు అడిగి తీసుకుంది. వాయిస్తే ఆ ధ్వని రాలేదట. వాయిద్యాల్లో ఏదో మర్మం ఉందనుకొని వీళ్ళ కొమ్ములను పట్టుకొని పరీక్షించి చూశారట. ఏ మర్మమూ లేదు. అవి మామూలు కొమ్ములే.

1919 ఫిబ్రవరి 17న ఆ దళం న్యూయార్క్ ఫిఫ్త్ అవెన్యూ మీదుగా హార్లెం దాకా విజయయాత్ర చేసింది. ముందు నడిచింది ఆయన బ్యాండే. మూడు నెలలు తిరగలేదు. మే 9న బోస్టన్‌లో కచేరీ విరామంలో, తన పట్ల అన్యాయం జరుగుతోందని ఆవేశపడ్డ డ్రమ్ము వాద్యకారుడు హెర్బర్ట్ రైట్ చిన్న చాకుతో ఆయన మెడ మీద పొడిచాడు. చిన్న గాయమే అనుకున్నారు. మర్నాడు ఉదయం బ్యాండును సిద్ధంగా ఉంచమని బ్యాండులోని సహచరుడు నోబుల్ సిసిల్‌తో చెప్పి ఆస్పత్రికి వెళ్ళిన మనిషి తిరిగి రాలేదు. ముప్ఫై తొమ్మిదేళ్ళు. ఒక నల్లజాతి మనిషికి న్యూయార్క్ నగరం బహిరంగ అంతిమయాత్ర జరపడం అదే మొదటిసారి అంటారు. ఆర్లింగ్టన్ సైనిక శ్మశానంలో ఆయన సమాధి ఉంది.

వందల మంది కూలి కోసం, అన్నం కోసం నిలబడినవాడు తన మేళంలోని మనిషి చేతిలోనే పోయాడన్న సంగతి నన్ను చాలా రోజులు బాధపెట్టింది. మేళం నడిపేవాడిగా నాకు తెలుసు, లోపలి మనస్తాపాలను వినడానికి కూడా ఒక వేళ పెట్టుకోవాలి. మా దగ్గర నాయీబ్రాహ్మణులు, మాదిగలు, ముస్లిములు కలిసి వాయిస్తారు. డబ్బు పంపకం దగ్గర మాట జారితే, పాత గాయాలన్నీ లేస్తాయి. అందుకే ఇప్పుడు లెక్క అందరి ముందు చెప్పి, ఒక్కొక్కరినీ అడిగిన తరువాతే పంచుతున్నాను.

ఇదంతా ఎక్కడో అమెరికా సంగతి, మనకేమిటని అనుకునేవారి కోసం ఒక విషయం. 1913, 1914 రికార్డుల్లో జిమ్ యూరప్ బ్యాండులో ట్రంపెట్ లాంటి కార్నెట్ వాయించిన క్రికెట్ స్మిత్ అనే వాద్యకారుడు 1936లో బొంబాయి తాజ్‌మహల్ హోటల్‌లో బ్యాండు నడిపాడు. అలా వచ్చిన నల్లజాతి వాద్యకారుల దగ్గర గోవా కుర్రవాళ్ళు ఆ నడక పట్టుకున్నారు. వాళ్ళే తరువాత హిందీ సినిమా పాటల్లో ట్రంపెట్లూ శాక్సఫోన్లూ వాయించారు. ఆ పాటలే మేము రేడియోలో విని ఊరేగింపుల్లో వాయించాం. పాలమూరు నుంచి, మా దేవరకొండ తండాల నుంచి జనం బస్సులెక్కి కూలికి పోయిన బొంబాయి కూడా అదే. మా పెదనాన్న అక్కడ రాళ్ళు మోసి, తిరిగి వచ్చేటప్పుడు చోర్ బజారులో ఒక పాత క్లారినెట్ కొని తెచ్చాడు. నేను ఇప్పటికీ వాయిస్తున్నది దాన్నే.

ఇక అసలు సంగతి. మూఢం వచ్చి పనులు లేని రోజుల్లో మేము పదకొండు మందిమి కూర్చొని ఒక కాగితం రాసుకున్నాం. ఇకమీదట బయానాగా మూడో వంతు, మిగిలినది ఊరేగింపు కదలకముందే. భోజనం ఊరేగింపుకు ముందు, అందరితో పాటు బల్ల దగ్గర. చెప్పిన వేళ దాటి గంటకు మించి నిలబెడితే దానికి వేరే కూలి. అర్ధరాత్రి దాటితే ఇంటికి చేర్చే బండి. ఇష్టపడి ఇచ్చే నజరానా చేతికి ఇవ్వండి, తీసుకొని దండం పెడతాం. నేల మీద పెట్టిన నోటును మాత్రం మా పిల్లలు నోటితో తీయరు. ఈ షరతులు ఒప్పుకున్న ఇంటికి ఎంత దూరమైనా వస్తాం, వేళకు వస్తాం, ఉతికిన కోట్లతో వస్తాం.

మిర్యాలగూడ, సూర్యాపేట, అచ్చంపేట, నారాయణపేట వైపు మేళాల మాస్టర్లు ఇది చదివితే వాళ్ళూ ఇలాంటి కాగితం రాసుకోవాలని కోరుతున్నాను. ఒక్క మేళమే అడిగితే పక్క మేళాన్ని పిలుస్తారు. అందరమూ అడగాలి. ఫంక్షన్ హాళ్ళ యజమానులకు ఒక విన్నపం: మేళం వాళ్ళకు ఒక గది, రెండు బల్లలు, తాగడానికి నీళ్ళు. జనరేటరు పక్కన వద్దు. మీ పత్రిక జిల్లా పేజీలో వారానికొక వాద్యకారుడి జీవితం వేస్తే మేలు. మా యుఫోనియం పెద్దాయనతోనే మొదలుపెట్టండి. ఆయనకిప్పుడు డెబ్బై నాలుగేళ్ళు. కూర్చొని వాయించగలడు. ఆయన కట్టిన రెండు అప్పగింతల వరుసలు ఇంకెవరికీ రావు.

మా కాగితం నకలు ఈ ఉత్తరంతో జత చేశాను. చోటు చాలకపోతే నా ఉత్తరంలో ఎంతైనా తగ్గించండి, ఆ కాగితాన్ని మాత్రం పూర్తిగా వేయండి.

ఇట్లు,
ఒక క్లారినెట్ వాద్యకారుడు,
దేవరకొండ, నల్లగొండ జిల్లా.